ఇంటి నీరు: దాని వ్యయము, దాని నిర్వహణము

ధారాళముగా ధనము వెచ్చించు వానిని గూర్చి, "డబ్బును మంచినీళ్లవలె ఖర్చు పెట్టుచున్నాడు" అని మనవారు చెప్పుదురు. సులభముగా నెరవేరు పనిని "మంచినీళ్ల ప్రాయము" అందురు. ఈ మాటలను బట్టి చూచినచో నీటికి వెల లేదనియు, అది శ్రమ లేకయే లభించుననియు మన పూర్వులు తలచినట్లు తోచును. కాని వేసవిలో తెల్లవారకమునుపే బిందె చంకనిడుకొని చేదబావికి నడచిపోవు గృహిణి నడిగినచో, ఆమె వేరొక విధముగా చెప్పును. ఆమె కాలము, ఆమె శ్రమ, ఆ నీరు చెడినపుడు బిడ్డలకు వచ్చు విరేచనములు, వైద్యమునకగు వ్యయము, పోయిన కూలిదినములు—ఇవన్నియు నీటికి చెల్లించిన వెలలే. వీనిని ఎవ్వరును పద్దులో వ్రాయరు. కావున నీరు ఉచితమని భ్రమపడుచున్నాము.

నీటికి వెల ఎల్లప్పుడును ఉన్నది. దానిని సకాలమున కొద్దిపాటి సొమ్ముగా అందరును కలసి చెల్లింపవచ్చును. లేనిచో శ్రమ రూపమునను రోగ రూపమునను ఒక్కొక్క ఇల్లు విడివిడిగా, ఎన్నో రెట్లు చెల్లింపవలసి వచ్చును. ఈ విషయమును లెక్కలతో వివరించుటయే ఈ చిన్న పుస్తకము యొక్క ఉద్దేశము.

ఒక ఇంటికి ఎంత నీరు కావలెను?

మన దేశమున గ్రామములకు మంచినీటి వసతి కల్పించుటకై జాతీయ కార్యక్రమము 1954లో ఆరంభమైనది. చాలకాలము మనిషి ఒక్కింటికి దినమునకు 40 లీటర్లు చాలునని లెక్క కట్టుచుండిరి. ఆ లెక్క ఇట్లున్నది: త్రాగుటకు 3 లీటర్లు, వంటకు 5, స్నానమునకు 15, పాత్రలు తోముటకును ఇల్లు కడుగుటకును 7, కాలకృత్యములకు 10. 2019 ఆగస్టు 15వ తేదీన ప్రకటింపబడిన జలజీవన్ మిషన్ ఈ కొలతను 55 లీటర్లకు పెంచినది. ఆనాడు గ్రామసీమలలో సుమారు 3 కోట్ల 23 లక్షల ఇండ్లకు మాత్రమే కుళాయి ఉండెను. 2025 నాటికి ఆ సంఖ్య 15 కోట్లను మించినది.

కుళాయి బిగించుట ఒక పని. అందులో ప్రతిదినము మంచినీరు వచ్చునట్లు చూచుట వేరొక పని. మొదటిది ఒక్కసారి జరుగును. రెండవది ఎన్నటికిని ముగియదు.

అయిదుగురున్న కుటుంబమునకు దినమునకు 275 లీటర్లు, ముప్పది దినముల నెలకు 8,250 లీటర్లు కావలెను. పై లెక్కలో త్రాగుటకును వంటకును కలిపి మనిషికి 8 లీటర్లే యున్న వనుట గమనింపదగినది. అనగా కుటుంబమంతటికి అతిశుద్ధమైన నీరు దినమునకు 40 లీటర్లు చాలును. ఈ 40 లీటర్లను ప్రత్యేకముగా కాపాడుకొని, తక్కిన నీటిని పొదుపుగా వాడుకొనుటయే గృహజల నిర్వహణమునకు మొదటి సూత్రము. బియ్యము కడిగిన నీరు పశువుల కుడితికిని, స్నానపు నీరు పాదులకును పనికివచ్చును.

నీటికి వెల ఎట్లు కలుగుచున్నది?

వాననీరు ఆకాశమునుండి ఉచితముగానే కురియును. దానిని నిలువజేయుట, పైకెత్తుట, శుద్ధి చేయుట, ఇంటివరకు చేర్చుట—ఈ నాలుగు పనులకు మాత్రము ఖర్చు కలదు. వీనిలో పైకెత్తు పనికే తరచుగా ఎక్కువ వెచ్చింపవలసియుండును.

వెయ్యి లీటర్ల నీరు వెయ్యి కిలోగ్రాముల బరువు. దానిని 100 మీటర్ల లోతునుండి పైకెత్తుటకు శాస్త్రరీత్యా పావు యూనిటుకు కొంచెము మించిన విద్యుచ్ఛక్తి చాలును. కాని మోటారులోను, పంపులోను, గొట్టపు ఒరపిడిలోను శక్తి వృథా యగుటచేత సాధారణముగా దానికి రెండు మూడు రెట్లు ఖర్చగును. అనగా ఒక యూనిటుకు దగ్గరపడును. బోరుబావిలో నీటిమట్టము దిగిన కొలది ఈ ఖర్చు పెరుగును. మట్టము రెట్టింపు లోతునకు దిగినచో విద్యుత్తు కూడ రెట్టింపు కావలెను. చెరువు పూడిక తీయించి, వాననీటిని భూమిలోనికి ఇంకించు గ్రామము తన విద్యుత్తు బిల్లును కూడ తగ్గించుకొనుచున్నదని తెలియవలెను.

పట్టణములలో దూరము కూడ ఒక ఖర్చే. 1908లో మూసీనది వరదలు వచ్చిన పిమ్మట నిర్మింపబడిన ఉస్మాన్‌సాగరు, హిమాయత్‌సాగరు చెరువులు హైదరాబాదు నగరమునకు చేరువనే యున్నవి. నగరము పెరిగిన పిమ్మట కృష్ణా, గోదావరుల జలములను వంద కిలోమీటర్లకు మించిన దూరమునుండి ఎత్తిపోసి తెచ్చుకొనవలసి వచ్చినది. ఆ నగరమున 2021 జనవరిలో ఒక్కొక్క ఇంటికి నెలకు 20,000 లీటర్ల వరకు ఉచితముగా నిచ్చు పథకము ప్రారంభింపబడినది. అట్టి పథకములలో ఇంటివారు చెల్లింపకున్నను పంపులు తిరుగుటకైన వ్యయము ఖజానానుండి పోవుచునే యుండును. ఉచితమనగా ఖర్చు లేనిదని అర్థము కాదు. ఆ ఖర్చును మరొకరు భరించుచున్నారని అర్థము.

ఒక గ్రామపు లెక్క

ఇప్పుడొక గ్రామమును ఊహించుకొందము. అందు 200 ఇండ్లు, వేయి మంది జనము ఉన్నారనుకొందము. మనిషికి 55 లీటర్ల చొప్పున దినమునకు 55,000 లీటర్లు, నెలకు 16 లక్షల 50 వేల లీటర్ల నీరు కావలెను. బోరుబావి లోతు, ఎత్తైన ట్యాంకు ఎత్తు కలిపి నీటిని 60 మీటర్లు ఎత్తవలసియున్నది. ఇందులకు నెలకు సుమారు 675 యూనిట్లు కావలెను. దిగువ లెక్కలోని ధరలు ఉదాహరణకై తీసికొన్నవి మాత్రమే. ప్రతి గ్రామమును తన ధరలను వేసికొని చూచుకొనవలెను.

విద్యుత్తునకు, యూనిటు 7 రూపాయల చొప్పున: 4,725 రూపాయలు.
పంపు నడపి నీరు వదలు మనిషికి జీతము: 8,000 రూపాయలు.
బ్లీచింగు పొడి, సుమారు 4 కిలోగ్రాములు: 250 రూపాయలు.
మరమ్మతుల నిధికి: 3,000 రూపాయలు.
మొత్తము: 15,975 రూపాయలు. సుమారు 16,000 అనుకొందము.

దీనిని 200 ఇండ్లకు పంచినచో ఇంటికి నెలకు 80 రూపాయలు పడును. ఇంటికి 8,250 లీటర్లు కావున లీటరుకు ఒక పైసా మాత్రమే అగుచున్నది. ఇంటి గుమ్మములోనికి వచ్చిన శుద్ధజలమునకు ఇది వెల.

ఇక అంగడిలో 20 లీటర్ల డబ్బా నీటికి 20 రూపాయలు ఇచ్చినచో లీటరు ఒక రూపాయి. అనగా కుళాయి నీటికి నూరు రెట్లు. 5,000 లీటర్ల ట్యాంకరునకు 600 రూపాయలు ఇచ్చినచో లీటరునకు 12 పైసలు. ఇది పండ్రెండు రెట్లు. బావి దూరమున్న ఇల్లాలు 15 లీటర్ల బిందెతో దినమునకు అయిదు మారులు పోయి, మారునకు అరగంట చొప్పున రెండున్నర గంటలు వెచ్చించినను, తెచ్చునది 75 లీటర్లే. కుటుంబమునకు కావలసిన దానిలో అది మూడవ వంతు కూడ కాదు. కుళాయి లేనివారే, అనగా సాధారణముగా బీదవారే, నీటికి అందరికంటె ఎక్కువ వెల చెల్లించుచున్నారు.

రుసుము చెల్లింపనిచో ఏమగును?

"నీటికి కూడ డబ్బు పుచ్చుకొందురా?" అని కొందరు అడుగుదురు. వేసవిలో చలివేంద్రము పెట్టి బాటసారుల దాహము తీర్చుట మన ఆచారము. అచట ఎవ్వరును వెల అడుగరు. అయినను ఆ కుండలకు, పందిటికి, నీరు మోసినవారి కూలికి ఒక పుణ్యాత్ముడు వెచ్చించియే యుండును. గ్రామపు కుళాయి అనగా సంవత్సరము పొడుగున, ఇంటింటను నడచు చలివేంద్రము. దానికి ఊరివారందరును కలసి ధర్మకర్తలు.

పై గ్రామమున 60 ఇండ్లవారు రుసుము మానివేసిరనుకొందము. తక్కిన 140 ఇండ్లనుండి 11,200 రూపాయలే వచ్చును. లోటు 4,800. ఇది ఇంచుమించు విద్యుత్తు బిల్లుతో సమానము. బిల్లు చెల్లింపనిచో పంపు ఆగును. బిల్లు చెల్లించి మరమ్మతుల నిధిని, బ్లీచింగు పొడిని ఆపివేసి, జీతములో కొంత నిలిపివేసినచో, కొన్ని నెలలకు నీరు చెడును, మోటారు కాలును, పనివాడు పోవును. మోటారు బాగుపడుటకు పది దినములు పట్టినచో ఆ పది దినములు దినమునకొక డబ్బా కొన్నవారికి 200 రూపాయలు ఖర్చగును. అది రెండు నెలల రుసుమును మించినది. రుసుము సక్రమముగా చెల్లించిన 140 ఇండ్లవారికిని ఈ దండుగ తప్పదు.

అయితే నిజముగా చెల్లింపజాలని వారు ప్రతి గ్రామమునను ఉందురు. ఒంటరి వృద్ధులు, పనిచేయలేని వికలాంగులు, కూలి దొరకని కుటుంబములు అట్టివారు. వారికి రుసుము మినహాయించుటయో తగ్గించుటయో గ్రామసభలో బహిరంగముగా నిర్ణయించి, ఆ లోటును తక్కినవారి రుసుములో ముందే చేర్చుకొనవలెను. పై గ్రామమున పది ఇండ్లకు పూర్తిగా మినహాయించినను తక్కినవారికి నెలకు నాలుగైదు రూపాయలే పెరుగును. కలుషితము గాని నీటిని పొందుట జీవించు హక్కులో భాగమని సుప్రీంకోర్టు 1991లో చెప్పియున్నది. కావున బీదవాని త్రాగునీటిని ఆపివేయుట పరిష్కారము కాదు. చెల్లింపగలిగియు చెల్లింపని వానిని, చెల్లింపలేని వానిని వేరుచేసి చూచుటయే న్యాయము.

ఈ పనులను చూచు అధికారము గ్రామమునకే యున్నది. 1993లో అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణము త్రాగునీటిని పంచాయతీల కప్పగింపదగిన విషయములలో చేర్చినది. జలజీవన్ మిషన్ నియమములను బట్టి గ్రామమున పది మొదలు పదునైదుగురు సభ్యులుగల నీటి సంఘము ఉండవలెను. అందు సగముమంది స్త్రీలు కావలెను. ఇది ఔచిత్యము గల నియమము. ఏలయన నీరు రానినాడు మొదట కష్టపడునది స్త్రీయే. సంఘమువారు ప్రతి నెల రాబడిని, ఖర్చును ఒక కాగితముపై వ్రాసి పంచాయతీ కార్యాలయపు గోడకు అంటించినచో, రుసుము వసూలు చేయుటలో సగము కష్టము తీరును. లెక్క కనబడిన చోట జనులు సొమ్ము చెల్లించుటకు వెనుదీయరు.

గొట్టములో నీరు ఎట్లు చెడుచున్నది?

ట్యాంకులో శుద్ధముగా నున్న నీరు ఇంటికి చేరునప్పటికి చెడుట కలదు. నీరు వదలు సమయమున గొట్టములో ఒత్తిడి యుండును. పగులు ఉన్నచో నీరు వెలికి కారును. నీరు ఆపివేసిన పిమ్మట ఒత్తిడి పోవును. అప్పుడు ఆ పగులుగుండనే ప్రక్కనున్న మురుగు లోనికి దిగును. మరునాడు మొదట వచ్చు నీటిలో ఆ మురుగు కలసియుండును. అతిసారము, కలరా, టైఫాయిడు, కామెర్లు ఇట్లు ఒకే వీధిలో పలువురికి ఒక్కమారు సోకుట కలదు.

కొందరు గృహస్థులు కుళాయి గొట్టమునకే మోటారు తగిలించి నీటిని లాగుకొందురు. దీనివలన పొరుగు ఇండ్లకు నీరు అందదు. అంతియేగాక గొట్టములో ఒత్తిడి పడిపోయి చుట్టునున్న మురుగు లోనికి పీల్చబడును. అట్లు లాగినవాని ఇంటికే ఆ మురుగు మొదట చేరును. కుళాయి నీటిని నేలమట్టమున నున్న తొట్టిలో పట్టుకొని, ఆ తొట్టినుండి మోటారుతో మిద్దెపైకి ఎక్కించుకొనుట సరియైన పద్ధతి.

నీటిలో కొద్దిగా క్లోరిను వాసన వచ్చినచో జనులు విసుగుకొందురు. నిజమునకు అది కాపలాదారుని ఉనికికి గుర్తు. కుళాయివద్ద లీటరు నీటిలో కనీసము 0.2 మిల్లీగ్రాముల క్లోరిను మిగిలియుండవలెనని భారత ప్రమాణము చెప్పుచున్నది.

బావి నీటిని శుద్ధి చేయుట

చేదబావిపై ఆధారపడినవారు ముందుగా బావిలోని నీటిని కొలుచుకొనవలెను. బావి వ్యాసమును మీటర్లలో కొలిచి, ఆ సంఖ్యను దానితోనే గుణించి, నీటి లోతుతోను, 3.14తోను గుణించి, నాలుగుచేత భాగించినచో ఘనపు మీటర్లు వచ్చును. ఒక్కొక్క ఘనపు మీటరు వెయ్యి లీటర్లు. మూడు మీటర్ల వ్యాసము, నాలుగు మీటర్ల నీరు గల బావిలో 28,260 లీటర్లుండును.

వెయ్యి లీటర్లకు సుమారు రెండున్నర గ్రాముల మంచి బ్లీచింగు పొడి కావలెను. పై బావికి 71 గ్రాములు చాలును. దాని వెల నాలుగైదు రూపాయలకు మించదు. పొడిని బక్కెట్టులో కొద్ది నీటితో ముద్దచేసి, మరికొంత నీరు పోసి కలిపి, అయిదు మొదలు పది నిమిషములు కదల్చక ఉంచవలెను. సున్నము అడుగునకు దిగును. పైనున్న తేటను వేరొక బక్కెట్టులోనికి వంచి, త్రాటితో బావిలో దింపి, నీటిలో బాగుగా కదల్చవలెను. అడుగు మడ్డిని బావిలో పోయరాదు. దానివలన నీటి కాఠిన్యము పెరుగును. ఈ పని రాత్రివేళ చేసి, ఉదయమున నీరు తోడుకొనుట మేలు. తొందరయైనచో కనీసమొక గంట ఆగవలెను. మూత తెరచియుంచిన బ్లీచింగు పొడి తన శక్తిని కోల్పోవును గనుక దానిని తడి తగులని, ఎండ పడని చోట గట్టిగా మూసి దాచవలెను.

కాచినను పోని దోషము

నీటిని కాచినచో సూక్ష్మజీవులు చచ్చును. కాని ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరియగుటచేత మిగిలిన దానిలో అది మరింత చిక్కబడును. దక్షిణ భారతమున ఫ్లోరైడు వ్యాధి 1937లో నాటి నెల్లూరు జిల్లా గ్రామములనుండి తెలియవచ్చినది. నల్లగొండ జిల్లాలో పండ్లు గారకట్టినవారును, ఎముకలు వంగినవారును తరతరములుగా బాధపడిరి. పటిక, సున్నము, బ్లీచింగు పొడి కలిపి నీటిని తేర్చి ఫ్లోరైడును తగ్గించు విధానమును నాగపూరునందలి జాతీయ పరిశోధన సంస్థ రూపొందించినది; దానికి నల్లగొండ పద్ధతియని పేరు వచ్చినది.

లీటరునకు ఒక మిల్లీగ్రాము ఫ్లోరైడు వరకు అంగీకార్యము. వేరు ఆధారము లేనిచోట ఒకటిన్నర వరకు అనుమతింపబడినది. అంతకు మించిన నీరు గల గ్రామములవారు త్రాగుటకును వంటకును వేరు నీరు కొనుట దుబారా కాదు, అవసరము. కాని పరీక్ష చేయింపకయే, ఇరుగువారు కొనిరని తామును డబ్బాలు కొనువారు చాలమంది. మొదట పరీక్ష, పిదప వ్యయము అనుటయే క్రమము. గ్రామమునకు అయిదుగురు స్త్రీలకు నీటి పరీక్ష నేర్పు ఏర్పాటు జలజీవన్ మిషన్‌లో కలదు. మీ గ్రామమున ఆ పెట్టె ఎవరియొద్ద నున్నదో అడిగి తెలిసికొనుడు.

ఇంటిలో గుర్తుంచుకొనవలసినవి

1. త్రాగునీటి బిందెపై మూత ఉంచుడు. చేయి ముంచక, పొడవైన పిడిగల గరిటెతో నీరు తీయుడు. గొట్టముగుండ శుద్ధముగా వచ్చిన నీరు మురికి చేయి తగిలి చెడుట మిక్కిలి సామాన్యము.

2. తొట్లను, గాబులను, డ్రమ్ములను వారమున కొకమారు పూర్తిగా ఖాళీ చేసి, గోడలను తోమి ఎండబెట్టుడు. డెంగ్యూ జ్వరమును వ్యాపింపజేయు దోమ నిలువనీటిలోనే గ్రుడ్లు పెట్టును. ఆ గ్రుడ్లు తొట్టి గోడలకు అంటుకొని, తడి లేకున్నను బ్రదికియుండును. కావున నీరు పారబోయుట మాత్రము చాలదు, తోముట ముఖ్యము.

3. సెకనుకొక చుక్క కారు కుళాయినుండి దినమునకు నాలుగు లీటర్లకు మించి, నెలకు సుమారు 130 లీటర్లు పోవును. అరిగిన వాసరును వెంటనే మార్పించుడు.

4. మిద్దెమీది ట్యాంకు పొర్లుచుండగా మోటారును మరువరాదు. నిమిషమునకు 30 లీటర్లు ఎక్కించు మోటారు పది నిమిషములలో 300 లీటర్లు పారబోయును. అది ఒక కుటుంబపు దినసరి నీటికంటె ఎక్కువ.

5. కుళాయి చుట్టును మురుగు నిలువనీయకుడు. గొట్టము మురుగుకాలువలో మునిగియున్నచో నీటి సంఘమునకు తెలుపుడు.

6. ఇంటి జమాఖర్చు పుస్తకములో నీటికొక పుట కేటాయింపుడు. రుసుము, డబ్బాలు, ట్యాంకరు, మోటారు విద్యుత్తు, మరమ్మతు—ఇవన్నియు అందు వ్రాయుడు. ఇంటిలో ఎవరికైన విరేచనములో కామెర్లో వచ్చినచో ఆ ఖర్చును కూడ ఆ పుటలోనే వ్రాయుడు.

ఒక సంవత్సరము ఇట్లు వ్రాసి కూడినచో, నెలకు 80 రూపాయలు ఎక్కువయో తక్కువయో ఎవ్వరును చెప్పనక్కరలేదు. ఆ పుటయే చెప్పును. అట్టి పుటలు పది ఇండ్లలో ఉన్ననాడు గ్రామసభలో నీటిని గూర్చిన మాట వాదముగా గాక లెక్కగా నడచును. వేసవిలో కుళాయి ఆగక పారుట ఆ లెక్కపై ఆధారపడియున్నది.